నాంచారత్తయ్య ఒప్పుకోని అధ్యాయం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున గుడివాడ నుంచి హారిక అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. లెక్కల టీచరు నవల రాయకూడదని ఎవరూ అనలేదు గానీ, స్పైరల్ బైండింగు చేయించిన నాలుగు వందల పేజీల కట్టను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టినప్పుడు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను. దాని పక్కనే ఒక లడ్డూల పెట్టె కూడా పెట్టింది. మా వీధి చివరి కొట్లోనే కొన్నదట. బందరులో ఉండేవాళ్లకి బందరు లడ్డు తెచ్చిన మొదటి మనిషివి నువ్వేనమ్మా అంటే సిగ్గుపడి నవ్వింది. ఆ నవ్వు చూసి, ఈ పిల్లని కష్టపెట్టకుండా నాలుగు మంచి మాటలు చెప్పి పంపించేద్దామనుకున్నాను. అలా పంపించడం నాకు బాగా అలవాటు.

"కథ అయిపోయింది మేడమ్. ఇంక దిద్దుకోవడమే. నెట్‌లో చూస్తే ఒక్కొక్కళ్లు ఒక్కో రకంగా చెప్తున్నారు. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలియట్లేదండీ," అంది.

కొత్త రచయితల శిబిరాలకి పిలిచినప్పుడు చదివే చిట్టా ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంటుంది. రాసింది నెలరోజులు పక్కన పెట్టు, పైకి చదువుకో, ఒకే మాట రెండుసార్లు వస్తే ఒకటి తీసెయ్యి, నీకు బాగా నచ్చిన వాక్యాన్ని ముందు అనుమానించు. అవేమీ అబద్ధాలు కావు. కానీ ఆ రోజు నా బల్ల మీద హారిక కట్టతో పాటు ఇంకో కట్ట కూడా ఉంది. నా మొదటి నవలను మళ్లీ వేస్తున్న విజయవాడ ప్రచురణకర్త పంపిన ప్రూఫులవి. మార్పులేమైనా ఉంటే పదిహేను రోజుల్లో చెప్పమన్నాడు. ఏడు అధ్యాయాలు గబగబా దిద్దేసి, ఎనిమిదో అధ్యాయం దగ్గర మూడు రోజులుగా ఆగిపోయి ఉన్నాను. చిట్టా చదవడానికి నోరు రాలేదు. ఆ ఎనిమిదో అధ్యాయం ఎలా పుట్టిందో చెప్పడం మొదలుపెట్టాను.

మాది పెడన. ఇంటి ముందు భాగంలో మేం ఉండేవాళ్లం, వెనక నాన్న అద్దకపు షెడ్డు, దాని వెనక గంగాళాల పాక. మా ఇంట్లో అన్నం కన్నా ముందు గుడ్డలకి పట్టించే కరక్కాయ వాసన వచ్చేది. కొత్త గుడ్డ రాగానే నీళ్లలో నానేసి, ఉతికి, గంజి వదిలించి, మళ్లీ ఉతికేవాళ్లు. గంజి ఉన్న గుడ్డ పట్టుకుంటే బరువుగా, దిట్టంగా ఉండేది. ఉతికాక నీరసించిపోయి వేలాడేది. చిన్నప్పుడు నాకది చూస్తే బాధగా ఉండేది, మంచి గుడ్డని పాడుచేస్తున్నారని. నాన్న గుడ్డ అంచు నాలుక్కి తాకించి, "ఇంకో ఉతుకు కావాలి," అనేవాడు. ఎవరెంత తొందరపెట్టినా ఆ నాలుక ఒప్పుకునేదాకా అచ్చు ముట్టుకోనిచ్చేవాడు కాదు. గంజి మిగిలిన చోట రంగు పైపైనే ఉండి, తర్వాత వదిలిపోతుంది. హారికకి ఇది చెప్పినప్పుడు తన కట్ట కేసి ఒకసారి చూసుకుంది.

షెడ్డులో ఎనిమిది బల్లలు. టేకు అచ్చును రంగులో తాకించి, గుడ్డ మీద ఆనించి, దాని వెనక పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాళ్లు. ఎనిమిది బల్లల మీద ఎనిమిది పిడికిళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగకుండా పడుతుంటే ఆ చప్పుడు మా ఇంట్లో గడియారంలా అలవాటైపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పనివాళ్లకి నిద్ర ముంచుకొచ్చేది. నిద్ర వస్తే అచ్చు పక్కకి జరుగుతుంది, పువ్వు మీద పువ్వు పడుతుంది. అందుకని నాన్న ఒక పద్ధతి పెట్టాడు. ఆ వేళప్పుడు ఎవరో ఒకరు వారపత్రికలో సీరియలు పైకి చదవాలి. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన దగ్గర్నుంచి ఆ ఉద్యోగం నాదే. ఎత్తు పీట వేసుకుని గట్టిగా చదివేదాన్ని. కథ చప్పగా ఉంటే పిడికిళ్లు జోరుగా పడేవి. పట్టుగా ఉంటే నెమ్మదించేవి. ఎక్కడ ఏ వాక్యానికి పిడికిళ్లు ఎలా పడతాయో నాకు వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది. నేను చదువుకున్న సాహిత్యమంతా అదే అంటే నా స్నేహితులు నవ్వుతారు గానీ నిజం.

ఇరవయ్యో ఏట నేనే నవల రాశాను. ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది. రాసిన కాగితాలను పత్రికలో దూర్చి, ఎవరిదో సీరియలని చెప్పి షెడ్డులో చదివేదాన్ని. పిడికిళ్లు జోరుగా పడిన చోట పక్కన పెన్సిలు గీత గీసుకుని, సాయంత్రం ఆ పేరాలు కొట్టేసేదాన్ని. ఇంత చక్కని ఉపాయం ఇంకే రచయితకీ లేదని గర్వం కూడా ఉండేది.

నవలలో కథానాయిక మా నాంచారత్తయ్య. నాన్నకి అక్క. దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక ఊరికి కాపురానికి వెళ్లి, నాలుగేళ్లకి ఒక మూటతో తిరిగి వచ్చేసింది. నేను పుట్టకముందు మాట. అత్తింటివాళ్లు మావాళ్లే గానీ, ఎప్పుడో మగ్గాలు వదిలేసి కౌలు సేద్యంలోకి దిగినవాళ్లు. ఎందుకొచ్చేసిందో ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఊరంతా మాత్రం మొగుడు కొట్టి తరిమేశాడనే అనుకునేది. అత్తయ్య గంగాళాల దగ్గర ఉండేది. అద్దిన గుడ్డలను రంగునిచ్చే చెట్ల వేళ్లూ ఆకులూ వేసి ఉడకబెట్టడం ఆవిడ పని. ఏ గంగాళం కింద ఎంత మంట ఉండాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చుట్ట అడ్డపొగ తాగేది, వెలిగించిన కొస నోట్లో ఉండగానే మాట్లాడేది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. ఏ సబ్బుకీ పోయేది కాదు ఆ ఎరుపు.

చదువు రాకపోయినా అత్తయ్యంత గట్టి ఎడిటరు నాకు మళ్లీ దొరకలేదు. షెడ్డులో చదివిన అధ్యాయాన్ని మర్నాడు పొద్దున పాకలో ఆవిడకి వినిపించేదాన్ని. ఆ నవల నేను రాసిందని ఆవిడ ఒక్కదానికే తెలుసు. అందులో ఉన్నది తనేనని మొదటి రోజే పసిగట్టింది. కోపం తెచ్చుకోకపోగా సరదా పడి, అడిగినవన్నీ చెప్పింది. ఆయన ఎండాకాలం వానాకాలం లేకుండా గొడుగు చంకలో పెట్టుకుని తిరిగేవాడని, ఊళ్లో అందరూ గొడుగు రామయ్య అనేవాళ్లని, చేలోకి వెళ్లినా గొడుగు గట్టు మీద పాతి దిగేవాడని నవ్వుతూ చెప్పింది. అవన్నీ రాసేసుకున్నాను.

మూడో అధ్యాయం విన్నాక అత్తయ్య అన్న మాట నా జీవితంలో నాకు దొరికిన మొదటి పాఠం. అద్దకంలో పటిక నీళ్లతో అచ్చు వేస్తే గుడ్డ మీద సరిగా కనపడదు. ఎక్కడిదాకా అద్దాడో అద్దేవాడికే తెలియదు. అందుకని గుర్తు కోసం అందులో కాస్త కచ్చా ఎరుపు కలుపుతారు. కాలవలో ఉతకగానే అది పోతుంది. అసలు ఎరుపు గంగాళంలో ఉడికాక పటిక ఉన్నచోటల్లా తనంతట తనే పైకి తేలుతుంది. "ఆమె హృదయం ముక్కలైంది అని చదివావే, అది ఎవరి కోసం?" అని అడిగింది అత్తయ్య. "వినేవాళ్ల కోసం," అన్నాను. "అంతకుముందు ఆ పిల్ల కంచంలో చెయ్యి పెట్టి అన్నం తినకుండా లేచిపోయిందన్నావుగా. మాకక్కడే తెలిసింది. ఇది నీకు తెలియడానికి రాసుకున్నావు. గుర్తు రంగు. ఉతికెయ్యి." ఇప్పటికీ ఎవరి రాతప్రతి చూసినా ముందు నా కళ్లు అధ్యాయాల చివరి వాక్యాల మీదకే వెళ్తాయి. హారిక కట్టలో పదిహేడు అధ్యాయాల చివర పదిహేడు గుర్తు రంగులున్నాయి. చూపిస్తే ముందు మొహం మాడ్చుకుని, తర్వాత తనే పెన్ను తీసి కొట్టేసింది. పిల్ల గట్టిదే అనుకున్నాను.

ఎనిమిదో అధ్యాయం, మొగుడు ఆమెను కొట్టి ఇంట్లోంచి గెంటేసే అధ్యాయం. అది మాత్రం అత్తయ్యకి చదవకుండా దాటేస్తూ వచ్చాను. ముందు షెడ్డులో చదివాను. నడివీధిలో, అందరూ చూస్తుండగా, అతను ఎప్పుడూ చంకలో ఉండే ఆ గొడుగుతోనే కొడతాడు. గొడుగు ఊచలు విరుగుతాయి, అతను ఆగడు. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి పిడికిళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎనిమిది బల్లలూ నిశ్శబ్దం అయిపోయాయి. ఒకాయన అచ్చు గుడ్డ మీదే వదిలేసి కళ్లు తుడుచుకున్నాడు. దాని కింద రంగు ముద్దకట్టి, అంచు పొడుగునా మరక పడింది. నాన్న ఆ గుడ్డ చూసి తిట్టాడు గానీ నాకు ఆ మరక పతకంలా కనిపించింది. పిడికిళ్లు అన్నీ ఆగిపోవడం నేను చదివిన ఏ సీరియలుకీ జరగలేదు. అంతకన్నా రుజువేం కావాలి?

పోటీకి గడువు ఇంకో పది రోజులుందనగా, ధైర్యం చేసి అత్తయ్యకి ఆ అధ్యాయం వినిపించాను. ఆవిడ మంట ఎగదోస్తూ చివరిదాకా వింది. చుట్ట నోట్లోంచి తీసింది.

"ఆయన నన్నెప్పుడు కొట్టాడే?" అంది.

"మరి ఎందుకొచ్చేశావు?"

"రంగు లేదే అక్కడ," అంది అత్తయ్య. "ఊడ్చుకోడం, వండుకోడం, ఆయనొచ్చేదాకా కూచోడం. నాలుగేళ్లకి చేతులు తెల్లగా అయిపోయినయ్. ఓ రోజు చూసుకుంటే ఎవరి చేతులో అనిపించింది. వెళ్లిపోతానని చెప్పా. వెళ్తే మళ్లీ రావు గదా అన్నాడు. రానన్నా. చల్లపల్లి దాకా తనే తీసుకొచ్చి బస్సెక్కించాడు. మిట్టమధ్యాన్నం. నా మీద ఎండ పడకుండా కిటికీకి అడ్డంగా గొడుగు పట్టుకుని నించున్నాడు, బస్సు కదిలేదాకా."

"మరి అందరూ కొట్టాడంటుంటే ఎందుకూరుకున్నావు?"

"రంగు కోసం మొగుణ్ణి వదిలేశానంటే ఎవరు నమ్ముతారే? పిచ్చిదంటారు. కొట్టాడంటే జాలిపడి ఊరుకుంటారు. ఆయన ఊరు ఆయనది, నా ఊరు నాది. ఇక్కడి మాట అక్కడికి పోయిందా ఏంటి అనుకున్నా."

ఇది నవల అత్తయ్యా, నీ కథ కాదు, ఆయన పేరు కూడా పెట్టలేదు అని వాదించాను. "గొడుగు ఆయనదేగా," అంది. ఆ తర్వాత అడగడానికి మొహమాటపడుతూ, "పోనీ ఆ గొడుగన్నా తీసెయ్యవే," అంది. తీసేస్తానని మాటిచ్చాను.

ఆ సాయంత్రం ఆ పేజీ ముందు పెట్టుకుని గొడుగు కొట్టేసి కర్ర అని రాశాను. చదువుకుంటే వాక్యం చచ్చిపోయింది. చెప్పు అని రాశాను, తాడు అని రాశాను. ఏదీ గొడుగు కాలేదు. అత్తయ్య చెప్పింది చెప్పినట్టు రాద్దామా అని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. కానీ మంచి మొగుడు, మంచి పెళ్లాం, చేతుల ఎరుపు కోసం విడిపోవడం, బస్సు కిటికీ దగ్గర గొడుగు... దీనికి ఏ పిడికిలి ఆగుతుంది? ఇరవయ్యేళ్ల నాకు అది కథలాగే అనిపించలేదు. అసలు అత్తయ్య చెప్పింది నేనే నమ్మలేదేమో. మళ్లీ గొడుగే రాశాను. కొత్త కాగితం మీద ఆ పేజీని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసి, మర్నాడు పెడన పోస్టాఫీసులో రిజిస్టరు చేశాను. తీసేశావా అని అత్తయ్య అడిగింది. తీసేశానన్నాను.

నవలకి బహుమతి వచ్చింది. సీరియలుగా వేశారు. ఎనిమిదో అధ్యాయం వచ్చిన వారం బొమ్మ కూడా వేశారు, విరిగిన గొడుగుతో. ఆ బొమ్మ ఉన్న సంచికను అత్తయ్య కంటపడకుండా బియ్యం డబ్బా వెనక దాచాను. షెడ్డులో అప్పటికే అందరికీ తెలిసిపోయింది నేనే రాశానని. నాన్న సంతోషానికి పట్టపగ్గాల్లేవు. రాష్ట్రం నలుమూలల నుంచి ఉత్తరాలు. నేను నేల మీద నడవడం మానేశాను.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అరవయ్యేళ్లాయన ఒకరు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో చుట్టిన వారపత్రిక. నాగాయలంక నుంచి మూడు బస్సులు మారి వచ్చారట. ఎవరండీ మీరు అని అడగబోయి ఆగిపోయాను. ఎండ నిప్పులు చెరుగుతోంది, ఆయన తలంతా చెమట. చంకలో గొడుగు లేదు. అయినా నాకు తెలిసిపోయింది. అత్తయ్యని పిలిచి, నేను తలుపు వెనక్కి వెళ్లిపోయాను.

అత్తయ్య ఎర్రటి తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. పాతికేళ్లకి పైనే అయింది వాళ్లు చూసుకుని.

"నాంచారూ, నేను నిన్నెప్పుడన్నా కొట్టానా?" అన్నాడాయన. కుశలప్రశ్నలు కూడా లేవు.

"లేదయ్యా."

"మరి ఇందులో రాశారుగా. లైబ్రరీలో చదివారు మావాళ్లు. ఊళ్లోవాళ్లు అనుకుంటే అనుకోనీ. మా చిన్నోడు అడిగాడు నాంచారూ. నాన్నా, పెద్దమ్మని గొడుగుతో కొట్టి తరిమేశావంట గదా అని. వాడికి పధ్నాలుగేళ్లు. లేదురా అన్నా. మరి పుస్తకంలో ఉందిగా అన్నాడు. నువ్వు చెబితే వాడితో చెబుదామని వచ్చా."

అత్తయ్య తలుపు వైపు చూడలేదు. నేనక్కడున్నానని ఆవిడకి తెలుసు. "నువ్వు నా మీద చెయ్యెత్తలేదు. నేనే వచ్చేశాను. నీ కొడుక్కి నా మాటగా చెప్పు. తప్పు నాది, జనం ఏదో అనుకుంటుంటే పాతికేళ్లు ఊరుకున్నా," అంది. ఇంట్లోకి వచ్చి ఆయనకి భోజనం పెట్టింది. ఆయన తలవంచుకుని తిని, చెయ్యి కడుక్కుని, బస్సు టైమైందని వెళ్లిపోయాడు. నేను తలుపు వెనక నుంచి బయటికి రాలేదు. రావలసింది. వచ్చి, రాసింది నేనండీ, అబద్ధం రాశాను అంటే సరిపోయేది. సిగ్గు అంటే ఏమిటో ఆ తలుపు వెనక నాకు తెలిసింది. ఇప్పటికీ ఆ చెక్క వాసన నా ముక్కులో ఉంది.

ఆ సాయంత్రం అత్తయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మళ్లీ నేనేం రాసినా వినలేదు కూడా. చదవనా అంటే, "పొగ కదే, వినపడదు," అనేది. బతికినన్నాళ్లూ అదే మాట.

ఇంతవరకూ చెప్పాక హారిక తన పెన్నుకి మూత పెట్టింది. తర్వాత, "మరి రెండోసారి వేసినప్పుడు మార్చలేదా మేడమ్?" అని అడిగింది. లెక్కల టీచర్లకి ఇదొక రోగం, మెట్టు వదలరు. మార్చలేదమ్మా అన్నాను. రెండోసారి వేసినప్పుడు ప్రచురణకర్త ఆ అధ్యాయమే నవలకి ప్రాణమన్నాడు, నాకు అదే కావలసింది. మూడోసారి అది కాలేజీ పాఠంగా ఉంది. ఎప్పుడూ ఏదో ఒక సాకు దొరికింది. ఆ రోజుల్లో ఒక వాక్యం మార్చాలంటే పేజీ అంతా తిరగరాయాలి, వేళ్లు నొప్పి పుట్టేవి, అందుకే మార్చలేదని కూడా ఎవరితోనో అన్నాను. ఇప్పుడు ఫోన్లో వేలు ఆనిస్తే అధ్యాయం అధ్యాయం మాయమవుతుంది. పెడనలో మా షెడ్డు ఉన్నచోట మేడ లేచింది. మిగిలిన అద్దకాల షెడ్లలో పనివాళ్లు చెవుల్లో ఎవరి పాట వాళ్లు పెట్టుకుని అద్దుతున్నారు. పైకి చదివేవాళ్లు లేరు, ఆగే పిడికిళ్లు లేవు. దిద్దుకోవడానికి ఇన్ని సదుపాయాలు వచ్చాయి. తీయవలసింది మాత్రం అప్పుడూ ఇప్పుడూ వేలికి కాదు, మనసుకే బరువు. నాకు నలభై ఏళ్లు పైన పట్టింది.

హారిక కట్టని ఉంచుకుని, వచ్చే ఆదివారం రమ్మన్నాను. ఆ వారంలో ఎనిమిదో అధ్యాయం తిరగరాశాను. పద్నాలుగు పేజీలది రెండు పేజీలకి వచ్చింది. వీధి లేదు, జనం లేరు, దెబ్బలు లేవు. చల్లపల్లిలో ఆగి ఉన్న బస్సు, కిటికీ పక్కన ఆమె, కింద ఎండలో గొడుగు అడ్డం పట్టుకుని అతను. బస్సు కదలడంతో అధ్యాయం అయిపోతుంది. ఎన్నోసార్లు చదువుకున్నాను. పాతదాంట్లో ఉన్న పట్టు ఇందులో లేదేమోనన్న భయం ఆదివారం దాకా పోలేదు.

హారిక వచ్చింది. ఈసారి లడ్డూలు తేలేదు. కూర్చోబెట్టి రెండు పేజీలూ పైకి చదివాను. పూర్తయ్యాక తలెత్తి చూస్తే ఆ పిల్ల ఏడవడం లేదు. అంత బాగా రాలేదేమో అనుకున్నాను. అప్పుడు అడిగింది:

"బస్సు వెళ్లిపోయాక ఆయన ఏమయ్యాడు మేడమ్?"

ఆ నవలకి ఇన్నేళ్లలో ఎన్ని ఉత్తరాలు వచ్చాయో లెక్కలేదు. నాయిక కోసం ఏడ్చినవాళ్లు రాశారు, అతన్ని శపించినవాళ్లు రాశారు. ఆయన ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు. మూడు బస్సులు మారి మా ఇంటికి వచ్చి, అన్నం తిని, ఎండలో తిరిగి వెళ్లిన మనిషి ఏమయ్యాడో, కొడుకు నమ్మాడో లేదో, ఎన్నాళ్లు బతికాడో.

"తెలియదమ్మా," అన్నాను. "నేనూ ఎప్పుడూ అడగలేదు."